బిడ్డ జర్నలిజం చదువుతనంటే నవ్వుడెందుకు?

నిన్న లంచ్‌ల "బిడ్డ ట్వెల్త్ అయితంది గదా, ఏ కాలేజి అన్నా?" అని అడిగిండ్రు. జర్నలిజం అన్న. అందరు నవ్విండ్రు. "నీ కష్టం బూడిదల పోసుడే" అన్నడొక తమ్ముడు. ఆడ ఊకున్న. ఈడ చెప్తున్న, ఇనుండ్రి.

2009, క్రిస్మస్ ముందు రోజు. టొరంటో కిప్లింగ్ అవెన్యూల బిల్డింగుకు వేలాడేసిన స్టేజి విరిగింది. 13 అంతస్తుల ఎత్తు. దానిమీద ఆరుగురు, లైఫ్‌లైన్లు రెండే. నలుగురు చనిపోయిండ్రు, మనలెక్క వలస వచ్చినోళ్లే. 2016ల ప్రాజెక్ట్ మేనేజర్‌కు మూడున్నరేండ్ల జైలు శిక్ష పడ్డది. ఇదంత నాకెట్ల తెలుసు? రిపోర్టర్లు కోర్టుల కూసొని రాసిండ్రు కాబట్టి.

"వార్తలు ఫేస్‌బుక్‌ల వస్తయి గదా" అంటరు. 2023 ఆగస్టు నుంచి కెనడాల ఫేస్‌బుక్ వార్తల లింకులే బందు పెట్టింది. మనం చూసేది ఫార్వర్డులు.

నాది టెన్త్. కాలేజిని చూసుడు రాదు, పనోన్ని చూసుడు వస్తది. కొత్త మేస్త్రి వస్తే కాగితం చూసి ఊకోం, ఒక వరుస కట్టి చూపియ్యమంటం. కాలేజిని గూడ అట్లనే అడగాలె: పిల్లలు రాసింది ఏడ అచ్చయితది? తప్పులు దిద్ది మళ్ల రాయించేటోళ్లు ఉన్నరా? యూనివర్సిటీ ఆఫ్ టొరంటోల విద్యార్థుల పేపర్ 'ది వార్సిటీ' 1880 నుంచి ఉన్నది. టొరంటో మెట్రోపాలిటన్‌ల 'ది ఐఓపెనర్' 1967 నుంచి. ఒటావాల కార్లటన్ 1945 నుంచి జర్నలిజం నేర్పుతంది, పార్లమెంటు ఆ ఊర్లనే. బ్రోచర్ల బొమ్మలు కాదు, ఆ పేపర్లు చదువుండ్రి.

ఇండియా నుంచి తమ్ముని కొడుకును పిలిపిచ్చేటోళ్లకు ఇంకో మాట. ఏజెంటు "మీడియా డిప్లొమా" అంటే ఆగుండ్రి. 2024 నవంబర్ 1 తర్వాత స్టడీ పర్మిట్‌కు అప్లై చేసినోళ్లు కాలేజి డిప్లొమా మీద వర్క్ పర్మిట్ అడిగితే, వాళ్ల కోర్సు సర్కారు లిస్టుల ఉండాలె. జర్నలిజం అండ్ల లేదు. యూనివర్సిటీ డిగ్రీకి ఆ అడ్డు లేదు.

ఈ లైన్ల ఉద్యోగాలు తక్కువే, ఒప్పుకుంట. అందుకే అప్పు చేసి దూరం పంపుత లేను. బ్రాంప్టన్ల ఇంట్ల ఉండి గో ట్రైన్‌ల టొరంటో పోయి చదువుతది.

తమ్మీ, రేపు మన సైట్ల ఏమన్న అయితే మన పేరు తప్పులేకుంట రాసేటోళ్లు ఒక్కరన్న ఉండాలె. అది నా బిడ్డయితే, అప్పుడు నవ్వు.