లెక్కలోనికి రాని రోగులు

ఊపిరితిత్తుల కేన్సర్ నాలుగవ దశకు వచ్చినదని తేలిన ఇంటిలో, ఆ మాట విన్న దిగ్భ్రాంతి కొంత తగ్గిన పిమ్మట, బయలుదేరు ప్రశ్న ఒక్కటే: ఏ ఆసుపత్రికి తీసికొనిపోయినచో మనిషి ఎక్కువకాలము దక్కును? హిందూపురమున, పెనుకొండలో, ధర్మవరములో నాకీ ప్రశ్న వినబడని నెల లేదు. బంధువులలో నొకరు బెంగళూరు మేలందురు. మరియొకరు హైదరాబాదు మేలందురు. ఇంకొకరు, ఫలానా ప్రైవేటు ఆసుపత్రిలో నూటికింతమంది బ్రదుకుచున్నారని ప్రకటనలో చదివితిమని చెప్పుదురు. ఆ ప్రశ్న అడుగుట రోగికిగల హక్కు. దానికి నమ్మదగిన సమాధానము ప్రజలచేతి కందకపోవుటయే నన్ను బాధించుచున్న విషయము.

ధర్మవరమున రైలెక్కి పెనుకొండ, హిందూపురము, గౌరిబిదనూరుల మీదుగా బెంగళూరు చేరుట మనవారికి విజయవాడ చేరుటకంటె ఎంతో సుళువు గనుక, 1973లో స్థాపితమై 1980లో ప్రాంతీయ కేన్సర్ కేంద్రముగా రూపొందిన కిద్వాయి సంస్థ ఈ సీమవాసులకు పెద్దదిక్కైనది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికిని పోవువారు కలరు. అచ్చటనే 2000లో ప్రారంభమైన బసవతారకం కేన్సర్ ఆసుపత్రికి హిందూపురము శాసనసభ్యులు బాలకృష్ణగారే అధ్యక్షులగుటచే ఆ పేరు ఇచ్చట ఇంటింటికిని తెలిసినదే.

ఉదయపుబండికై హిందూపురము స్టేషనులో కాచియున్న జనములో, స్కానింగు సెంటరు పేరచ్చైన వెడల్పాటి కవరును మడత పడకుండ ఒడిలో పెట్టుకొని కూర్చున్నవారు తరచుగా కనబడుదురు. ఆ కవరులో అడుగున పాత ఎక్స్‌రే, దానిపై టీబీ మందుల చీటీ, అన్నిటికిని పైన సీటీ స్కాను. ఎక్స్‌రేలో కనబడు మచ్చ క్షయలోను, ఈ కేన్సర్‌లోను తరచు ఒక్కతీరుగానే యుండుట వలనను, మన దేశమున క్షయ మిక్కిలి వ్యాప్తిలో నుండుట వలనను, దగ్గుతో వచ్చినవానికి మొదట క్షయమందులే మ్రింగించి, నెలలు గడచినను గుణము కనబడనప్పుడు గాని బయాప్సీ మాట ఎత్తరు. ఆ నెలలలోనే రోగము ఎముకలకును, మెదడునకును పాకుచున్నది.

ఇట్లు ఆలస్యమై, మంచము దిగలేని స్థితిలో వచ్చినవానిని కాదనక చేర్చుకొను ప్రభుత్వాసుపత్రికిని, తన పనులు తాను చేసికొనగలిగి, ఖరీదైన మందులు కొనగలిగినవారే ఎక్కువగా వచ్చు ప్రైవేటు ఆసుపత్రికిని ఒకే త్రాసు పట్టుట న్యాయమా? హిందూపురము మార్కెట్ యార్డులో కరిపులి చింతపండును, ఫ్లవరు రకమును ఒకే రాసిగా పోసి ఒకే ధర పలుకుదురన్నచో ఏ రైతైనను ఒప్పుకొనునా? రోగి దేహబలము, వయస్సు, కణపు జాతి, ఇవన్నియు విడివిడిగా చూపనిదే శాతమునకు అర్థము లేదు. మన దేశమున అడినోకార్సినోమా అను రకపు ఊపిరితిత్తుల కేన్సర్ రోగులలో సుమారు నాలుగవ వంతుమందికి ఇ.జి.ఎఫ్.ఆర్. అను జన్యువులో మార్పు ఉండును. వారు దినమునకొక మాత్రతో, కొందరు ఏండ్ల తరబడి, తిరుగాడగలరు. అట్టివారధికముగా చేరిన ఆసుపత్రి లెక్క తనంత తానే పెరుగును.

దశల లెక్కలో ఇంకొక చిక్కు కలదు. 1985లో ఆల్వన్ ఫైన్‌స్టీన్ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును ఊపిరితిత్తుల కేన్సర్ రోగులనే తీసికొని దానిని బయటపెట్టిరి. 1953 నుండి 1964 వరకు చికిత్స పొందినవారికంటె 1977లో చికిత్స పొందినవారు, అవే ఆసుపత్రులలో, ప్రతిదశలోను మెరుగుగా కనబడిరి. కారణము విచారింపగా, క్రొత్త స్కానులు కంటికి కనబడని వ్యాప్తిని పట్టియిచ్చుటచే, పూర్వము తొలిదశలో లెక్కింపబడవలసినవారు తుదిదశలోనికి జరిగిరి. వారు వీడిపోవుటచే తొలిదశ లెక్కయు, వారు వచ్చి చేరుటచే తుదిదశ లెక్కయు బాగుపడినవి. ఆ మార్పు వలన ఒక్కరి ఆయువైనను ఒక్కదినము పెరుగలేదు. పెట్ స్కాను గల ఆసుపత్రిని, లేనిదానితో పోల్చువారు దీనిని మరువరాదు.

అన్నిటికంటె పెద్దలోపము మరియొకటి. పెనుకొండ చెంత పల్లెలోని ఒక కూలి మూడవ కీమో తరువాత, ఛార్జీలకు డబ్బు లేకనో, లేచి కూర్చుండు శక్తి లేకనో, బెంగళూరుపోవుట మానుకొనెననుకొందము. రెండునెలలకు ఇంటిలోనే కన్నుమూసెను. ఆసుపత్రి పుస్తకములో వాని చివరిరాక తేదీ మాత్రమే యుండును. వానిని లెక్కనుండి తీసివేసినచో శాతము పెరుగును; చివరిరాక వరకు జీవించియున్నవానిగా గణించి, పిమ్మట మిగిలినవారివలెనే యుండునని భావించినను శాతము పెరుగును. ఏలయన రాకమానినవారిలో పెక్కురు నీరసించి మానినవారే. 1969 నాటి జననమరణ నమోదు చట్టము ప్రకారము ఇరువదియొక్క దినములలో పంచాయతీలో ఆ మరణము నమోదు కావచ్చును. కాని అది ఆంధ్రప్రదేశపు దస్తావేజు. చికిత్స కర్ణాటకపు దస్తావేజు. బెంగళూరు జనాభా కేన్సర్ రిజిస్ట్రీ ఆ నగరవాసులనే లెక్కించును గాని మనవారిని లెక్కింపదు. రెండు రాష్ట్రముల నడుమ మన రోగి మరణము ఎవ్వరి ఖాతాలోను పడక జారిపోవుచున్నది.

ఇది సరిదిద్దరానిది కాదు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడచుచున్న పథకము, తాను ఎవరికై డబ్బు చెల్లించునో ఆ ప్రతి రోగి పేరును, ఊరును, చికిత్సను ఎరిగియున్నది. ఆ జాబితాను మరణనమోదుతో సరిచూచి, నాలుగవ దశలో చేరినవారిలో ఏడాదికి ఎందరు మిగిలిరో, ఎందరి జాడ తెలియలేదో, వచ్చిననాటి దేహబలముతో సహా ఆసుపత్రివారీగా ప్రకటింపవలెను. ఐదేండ్ల లెక్క ఈ దశకు చాలదు. అమెరికాలోనే దూరావయవములకు పాకిన ఈ రోగమున ఐదేండ్లు దాటువారు నూటికి సుమారు పదిమందే. ఇంగ్లండులో జాతీయ ఊపిరితిత్తుల కేన్సర్ ఆడిట్ రోగుల తారతమ్యములను సవరించి ఆసుపత్రులవారీగా ఫలితములను చాలకాలముగా వెల్లడించుచున్నది. జాడ తెలియనివారి సంఖ్యను దాచు ఆసుపత్రికి పథకము సొమ్ము ఇయ్యరాదని నా నిశ్చితాభిప్రాయము.

ఆ పట్టిక వచ్చువరకు కుటుంబములు ఊరకుండనక్కరలేదు. జన్యుపరీక్ష చేయుదురా, మందు పథకములో వచ్చునా, రాలేని వారమున ఫోనులో పలుకువారుందురా అని అడుగవలెను. నొప్పికిని, ఆయాసమునకును తొలిదినమునుండియే ఉపశమన చికిత్స కలదా అని మరీ గట్టిగా అడుగవలెను. 2010లో మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రివారు 151 మంది ముదిరిన ఊపిరితిత్తుల కేన్సర్ రోగులలో సగముమందికి ఆదినుండి ఆ సేవ నందింపగా, వారు దుఃఖమును తక్కువగా అనుభవించుటయే గాక, మధ్యమ లెక్కన 11.6 నెలలు జీవించిరి, తక్కినవారు 8.9 నెలలు. ఈ సేవకు గొప్ప యంత్రములతో పని లేదు. 2014లో మాదకద్రవ్యముల చట్టమును సవరించి మార్ఫిన్ వైద్యమునకు సులభముగా దొరకునట్లు పార్లమెంటు దారి చేసినది. హిందూపురము జిల్లా ఆసుపత్రిలోను, ధర్మవరము, పెనుకొండ ఆసుపత్రులలోను ఆ మందును, దానిని ఇయ్యనేర్చిన వైద్యుని, ఇంటికి పోయి చూచు నర్సును ఏర్పరచినచో రోగి నొప్పితో బెంగళూరు బండి ఎక్కవలసిన పనియుండదు. ఆ నర్సు వ్రాసికొను పుస్తకము వలన, ఇంటిలో కన్నుమూసినవాని తేదీ బెంగళూరు ఆసుపత్రికిని చేరును.