మన ఎండకు నిలబడే కంట్రోలర్ ఎవరు డిజైన్ చేస్తారు?

'ఈవీ ఫీల్డులో ఉద్యోగాలున్నాయంటున్నారు, మంచి బ్యాటరీ కోర్సు ఏదైనా చెప్పన్నా' అని ప్రొద్దుటూరు, పులివెందుల వైపు ఈఈఈ, ఈసీఈ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు అడుగుతుంటారు. అడగడంలో తప్పేం లేదు. పేపర్లో అయినా, యూట్యూబ్‌లో అయినా ఎక్కడ చూసినా బ్యాటరీ కబుర్లే. కానీ నా లెక్క వేరు. సెల్ తయారీ అంటే వేల కోట్ల వ్యవహారం. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా పెడుతున్న గిగా ఫ్యాక్టరీ లాంటివి రాష్ట్రానికి ఒకటో రెండో ఉంటాయి. అక్కడ ముందుగా పిలుపొచ్చేది కెమిస్ట్రీ, కెమికల్, మెకానికల్ వాళ్లకు.

మీ చదువు నేరుగా పనికొచ్చే చోటు ఇంకొకటుంది. బ్యాటరీకీ మోటారుకీ మధ్య ఓ అల్యూమినియం బాక్సు ఉంటుంది, అదే మోటార్ కంట్రోలర్. దానికి ఇద్దరు తోడబుట్టినవాళ్లు. గోడ సాకెట్‌లోని ఏసీని డీసీ చేసి బ్యాటరీలోకి పంపే చార్జర్ ఒకటి. బ్యాటరీలోని 48 లేదా 60 వోల్టులను లైట్లకు, హారన్‌కు కావాల్సిన 12 వోల్టులకు దించే డీసీ-డీసీ కన్వర్టర్ ఇంకొకటి. పరీక్ష అయిపోగానే మనం మర్చిపోయే పవర్ ఎలక్ట్రానిక్స్ అంటే ఈ మూడే.

ఇప్పుడే దీని గురించి ఎందుకు రాస్తున్నానంటే, పరిస్థితి మారింది. ఎలక్ట్రిక్ త్రీ వీలర్ల అమ్మకాల్లో 2023లోనే మనదేశం చైనాను దాటి ప్రపంచంలో మొదటి స్థానానికి వచ్చింది. మరోవైపు సబ్సిడీ కరుగుతోంది. 2024 అక్టోబరులో మొదలైన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో టూ వీలర్లకు మొదట కిలోవాట్ అవర్‌కు 5 వేల రూపాయలు ఇచ్చారు, ఆ తర్వాతి ఆర్థిక సంవత్సరంలో 2,500కు దించారు. బ్యాటరీ ధరలూ పడిపోతున్నాయి. బ్లూంబర్గ్ సంస్థ సర్వే ప్రకారం ప్రపంచ సగటు 2023లో కిలోవాట్ అవర్‌కు 139 డాలర్లు, 2024లో 115. ఇలా బ్యాటరీ చవకవుతుంటే బండి ధరలో మిగతా ఎలక్ట్రానిక్స్ వాటా కంట్లో పడుతుంది. కంపెనీలు ఇక పొదుపు వెతుక్కోవాల్సింది అక్కడే. ఎక్కడ పొదుపు చేయాలో, ఎక్కడ చేయకూడదో తెలిసినవాళ్లు వాళ్లకు కావాలి.

ల్యాబ్‌లో పాస్, గండికోట దారిలో ఫెయిల్

మే నెలలో మన జిల్లాలో 44, 45 డిగ్రీలంటే వింతేమీ కాదు. ఎండలో నిలబడ్డ ఆటోలో, డ్రైవర్ సీటు కింద మూసిన అరలో ఉన్న కంట్రోలర్ చుట్టూ గాలి 65 డిగ్రీలు ఉందనుకుందాం. ఇప్పుడు లెక్క చూడండి.

కంట్రోలర్‌లో కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్ మాస్‌ఫెట్. అది ఆన్‌లో ఉన్నప్పుడు నిరోధం 2 మిల్లీ ఓమ్‌లు, దానిలో వెళ్లే కరెంటు 100 ఆంపియర్లు అయితే కరెంటు స్క్వేర్ ఇంటూ రెసిస్టెన్స్ ప్రకారం 20 వాట్లు వేడిగా పోతాయి. అయితే డేటాషీట్ మొదటి పేజీలో గర్వంగా వేసుకున్న ఆ 2 మిల్లీ ఓమ్‌లు 25 డిగ్రీల దగ్గరి సంఖ్య. చిప్ 120 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికి అది దాదాపు 1.7 రెట్లు అవుతుంది. అంటే 34 వాట్లు. చిప్ నుంచి హీట్‌సింక్ మీదుగా బయటి గాలి దాకా ఒక్కో వాట్‌కు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుందనుకుంటే 51 డిగ్రీలు. చుట్టూ ఉన్న 65 కలిపితే 116. సిలికాన్ చిప్ 150 లేదా 175 దాకా ఓర్చుకుంటుంది కాబట్టి ఇబ్బంది లేదు.

అదే ఆటో జమ్మలమడుగు నుంచి నిండా జనంతో గండికోట వైపు ఎత్తు ఎక్కుతోంది. కరెంటు 150 ఆంపియర్లకు పోయింది. కరెంటు ఒకటిన్నర రెట్లయితే వేడి 2.25 రెట్లు. 34 కాస్తా 76 వాట్లయింది, పెరుగుదల 115 డిగ్రీలు దాకా పోయింది. 65 కలపండి: 180. కొన్ని నిమిషాలు అలాగే సాగితే చిప్ పోయినట్టే. స్విచింగ్ లాస్ నేనింకా కలపనే లేదు. ఇదే బాక్సును, ఇదే ఓవర్‌లోడ్‌తో 25 డిగ్రీల ఏసీ ల్యాబ్‌లో పరీక్షిస్తే 140 దగ్గర ఆగి, పాస్ సర్టిఫికెట్ తెచ్చుకుంటుంది.

దీన్ని సరిచేయడానికి ఖరీదైన చిప్పే పెట్టాలని లేదు. హీట్‌సింక్‌కు ఆనించి కొద్ది రూపాయల థర్మిస్టర్ ఒకటి పెట్టి, వేడి హద్దు దగ్గరికి రాగానే కరెంటును మెల్లగా తగ్గించేలా ప్రోగ్రాం రాస్తే చాలు. బండి నెమ్మదిస్తుంది కానీ చచ్చిపోదు. డ్రైవర్ నాలుగు మాటలు తిట్టుకుంటాడు, ఇంటికైతే చేరతాడు.

పైసా ఖర్చు లేని ఉపాయాలు కూడా ఉంటాయి. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల చల్లదనానికీ దాదాపు రెట్టింపవుతుంది. 105 డిగ్రీల దగ్గర 5 వేల గంటలు పనిచేసేది 85 దగ్గర 20 వేల గంటలు చేస్తుంది. రోజుకు పది గంటలు తిరిగే ఆటోకు 5 వేల గంటలంటే 500 రోజులు. 20 వేలంటే ఐదేళ్లు దాటుతుంది. కెపాసిటర్ అదే, ధర అదే. పీసీబీ లేఅవుట్ వేసేటప్పుడు దాన్ని హీట్‌సింక్ పక్కనుంచి దూరం జరిపారా లేదా అన్నదే తేడా. మొదటి డిజైన్‌లో ఆటో లోను తీరకముందే కంట్రోలర్ పోతుంది. బండి రెండ్రోజులు షెడ్డులో పడితే బాడుగ పోతుంది, ఫైనాన్స్ కంతు మాత్రం ఆగదు. 'చవక' అనే మాటను షాపులో బిల్లు చూసి కాకుండా ఈ ఐదేళ్ల లెక్కలో చూడాలని నేనంటాను.

చార్జర్ కష్టాలు వేరు. పల్లెల్లో లైను చివర ఇళ్లకు 230 వోల్టులు రావాల్సిన చోట ఒక్కోసారి 170 కూడా కష్టం. ఫ్యాన్ అయితే నెమ్మదిగా తిరిగి ఊరుకుంటుంది. చార్జర్ అలా కాదు, బ్యాటరీకి అంతే పవర్ ఇవ్వాలి కాబట్టి కరెంటు ఎక్కువ లాగుతుంది. కిలోవాట్‌కు 230 దగ్గర 4.3 ఆంపియర్లయితే 170 దగ్గర 5.9. ఇన్‌పుట్ వైపు వైర్లలో, డయోడ్లలో వేడి బాగా పెరుగుతుంది. హై వోల్టేజీకి భయపడి రక్షణ పెట్టి, లో వోల్టేజీని పట్టించుకోని చార్జర్లు కాలేది ఇందుకే. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో స్కూటర్ బ్యాటరీలు ఇంట్లో చార్జింగ్‌లో ఉండగా పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది దేశమంతా జరిగిన ఇలాంటి ప్రమాదాల తర్వాతే ఏఐఎస్-156 నిబంధనలను కేంద్రం కఠినం చేసింది. 2022 డిసెంబరులో ఒక దశ, 2023 మార్చి చివరి నుంచి రెండో దశ. సెల్, బీఎంఎస్‌తో పాటు చార్జర్‌కూ కొత్త షరతులు వచ్చాయి. నిబంధన వచ్చిందంటే దానికి టెస్ట్ చేసేవాళ్లు, డాక్యుమెంట్లు రాసేవాళ్లు, ఫెయిలైన బోర్డును విప్పి ఎందుకు ఫెయిలైందో చెప్పేవాళ్లు కావాలి. వ్యాలిడేషన్ ఇంజినీర్ అంటే అదే. ఫ్రెషర్లకు డిజైన్ కంటే తేలిగ్గా తెరుచుకునే తలుపు ఇది.

ఇక దుమ్ము. యర్రగుంట్ల, జమ్మలమడుగు మధ్య సిమెంటు ఫ్యాక్టరీలు, నాపరాయి పాలిష్ యూనిట్ల వైపు వెళ్లొచ్చిన వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆ దుమ్ము బోర్డు మీద పేరుకుని, తొలకరి తేమ తగిలితే కరెంటు దారి తప్పుతుంది. దీనికి చాలామంది చేసేది బోర్డును మొత్తం రెసిన్‌లో ముంచేయడం. దుమ్ము రాదు, నీళ్లు రావు. కానీ లోపల ఒక్క చిన్న భాగం పోయినా మొత్తం బాక్సు చెత్తబుట్టకే. ప్రొద్దుటూరు మెకానిక్ చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉండి కూడా ఏమీ చేయలేడు. మన ఊళ్లకు మూత గట్టిగా సీల్ చేసి, బోర్డుకు పల్చటి పూత వేసి, విప్పి రిపేరు చేయగల డిజైనే సరైనదని నా అభిప్రాయం. రెసిన్ వాడే కంపెనీలు ఒప్పుకోవు, వాళ్ల వారంటీ లెక్కలు వాళ్లవి. ఇంటర్వ్యూలో ఈ చర్చ వస్తే రెండు వైపులా మాట్లాడగలగాలి.

మనవాళ్లు చేసి చూపించిందే

ఇదంతా జపాన్‌కో జర్మనీకో వదిలేయాల్సిన పని కాదు. 2018లో చెన్నై ఐసీఎఫ్ నుంచి బయటికొచ్చిన ట్రైన్-18, అంటే మొదటి వందేభారత్, నడిచింది హైదరాబాద్ కంపెనీ మేధా సర్వో డ్రైవ్స్ ఇచ్చిన ప్రొపల్షన్‌తోనే. ఆటో కంట్రోలర్ చేసే పనినే ఎన్నో రెట్లు పెద్ద స్థాయిలో చేసే ఎలక్ట్రానిక్స్ అది.

మన చుట్టుపక్కల చూసినా, మైలవరం మండలంలో సోలార్ పార్కు ఉంది. 2017 ఏప్రిల్‌లో అక్కడి 250 మెగావాట్ల వేలంలో యూనిట్ 3 రూపాయల 15 పైసలకు దిగినప్పుడు అది దేశంలో రికార్డు. సోలార్ ఇన్వర్టర్, ఈవీ ఇన్వర్టర్ ఒకే కుటుంబం. రెంటిదీ డీసీని ఏసీ చేసే పనే, రెంటికీ శత్రువులు వేడి, దుమ్ము. ఇన్వర్టర్ మెయింటెనెన్స్‌లో ఆరు నెలలు ఇంటర్న్‌షిప్ దొరికితే, ఫెయిలైన బోర్డులు చూసిన అనుభవం మీకు ఏ ఆన్‌లైన్ సర్టిఫికెట్టూ ఇవ్వదు. జిల్లాలోనే కొప్పర్తిలో 2021 డిసెంబరులో ప్రారంభమైన ఎలక్ట్రానిక్స్ క్లస్టర్ ఉంది. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం కొప్పర్తి పారిశ్రామిక నోడ్‌కూ ఆమోదం తెలిపింది. ఇప్పటిదాకా అక్కడ పేరున్నది సీసీ కెమెరాల లాంటి అసెంబ్లీకే, పవర్ ఎలక్ట్రానిక్స్‌కు కాదు. అయినా బోర్డు మీద భాగాలు అతికించే లైన్లు ఏ బోర్డుకైనా దాదాపు ఒకటే.

కర్నూలు జిల్లా ఓర్వకల్లులో సిలికాన్ కార్బైడ్ చిప్‌ల ఫ్యాక్టరీకి ఇండిచిప్ అనే కంపెనీ జపాన్ భాగస్వామితో కలిసి రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 14 వేల కోట్లన్నారు. సంతోషమే. ఒప్పందానికీ ఉత్పత్తికీ మధ్య ఎంత దూరం ఉంటుందో, ఒకే స్టీల్ ప్లాంటుకు రెండు మూడు శంకుస్థాపనలు చూసిన జమ్మలమడుగు వాళ్లకు నేను చెప్పాలా! పైగా సిలికాన్ కార్బైడ్ అసలు లాభం 400, 800 వోల్టుల కార్లు, బస్సుల్లో. టెస్లా మోడల్-3 కారు దాన్ని పాపులర్ చేసింది. 48 వోల్టుల ఆటోకు మామూలు సిలికాన్ మాస్‌ఫెట్ చాలు. రెజ్యూమెలో ఆ పదం పెట్టుకోవడానికి ముందు, ఎక్కడ అక్కర్లేదో చెప్పగలిగితే ఎక్కువ మార్కులు పడతాయి.

ఇంకో వార్త మాత్రం మీకు నిజంగా పనికొస్తుంది. 2025 ఏప్రిల్‌లో చైనా రేర్ ఎర్త్ ఎగుమతులపై ఆంక్షలు పెట్టడంతో మోటారు అయస్కాంతాలు దొరక్క మన బండ్ల కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. దాంతో ఫెరైట్ మోటార్లు, అసలు అయస్కాంతమే లేని రిలక్టెన్స్ మోటార్ల వైపు చూపు మళ్లింది. రిలక్టెన్స్ మోటారు తయారీ తేలిక, నడపడం కష్టం. కుదుపులు లేకుండా తిప్పే భారమంతా కంట్రోలర్ మీద, అందులోని కోడ్ మీద పడుతుంది. అంటే ఎంబెడెడ్ సీ, కంట్రోల్ సిస్టమ్స్ రెండూ వచ్చినవాళ్ల అవసరం పెరుగుతుంది.

నేర్చుకోవడానికి దారులు చాలా ఉన్నాయి. ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐఎస్సీ ప్రొఫెసర్ ఉమానంద్ చెప్పిన పవర్ ఎలక్ట్రానిక్స్ పాఠాలు ఉచితం. సిమ్యులేషన్‌కు ఎల్‌టీ స్పైస్, బోర్డు గీయడానికి కికాడ్ కూడా ఉచితమే. పులివెందుల జేఎన్‌టీయూలోనో, ప్రొద్దుటూరు వైవీయూ ఇంజినీరింగ్ కాలేజీలోనో, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలోనో చదువుతుంటే ల్యాబ్‌లో ఆసిలోస్కోప్ అడగండి. బక్ కన్వర్టర్ ఒకటి సొంతంగా కట్టి, దాని వేవ్‌ఫామ్ చూడండి. ఒకటి రెండు మాస్‌ఫెట్లు కాలిపోతాయి, కాలనివ్వండి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకు మళ్లీ లైన్ ఫాలోయర్ రోబో వద్దు. ముగ్గురు కలిసి, తెలిసిన ఈ-ఆటో డ్రైవరన్న అనుమతితో, కంట్రోలర్ బయటి కేసుకు రెండు థర్మిస్టర్లు, బయటి గాలికి ఒకటి, బ్యాటరీ కేబుల్‌కు క్లాంప్‌లా తగిలించే కరెంటు సెన్సర్ ఒకటి పెట్టండి. ఓ మైక్రోకంట్రోలర్, మెమరీ కార్డు. వైరింగ్ తెంచే పనే లేదు. ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా ప్రొద్దుటూరు - జమ్మలమడుగు దారిలో సెకనుకోసారి రికార్డు చేయండి. దాదాపు 20 కిలోమీటర్ల దారి, రోజుకు ఎన్నో ట్రిప్పులు. నెలన్నరలో మీ దగ్గర పోగయ్యే ఆ డేటా బెంగళూరులో ఏసీ గదిలో డిజైన్ చేసే చాలామంది దగ్గర ఉండదు. ఇంటర్వ్యూలో ల్యాప్‌టాప్ తెరిచి ఆ గ్రాఫ్ చూపించండి. మధ్యాహ్నం రెండున్నరకు వేడి ఎక్కడిదాకా పోయిందో వాళ్లే అడుగుతారు.