పాత బండా, పాత అలవాటా?

మొన్న సెలవులకి వరంగల్ వెళ్ళినప్పుడు బాపు మారుతి 800 బయటికి తీశాను. 1998 మోడల్. కాజీపేట బ్రిడ్జి దిగుతూ బ్రేక్ తొక్కితే బండి ఒక్కసారిగా ఎడమకి లాగేసింది. పక్కనే ఆటో. గుండె ఆగినంత పనైంది.

మెకానిక్ చూసి "కుడి క్యాలిపర్ పట్టేసింది సార్. గీ బండి మీద ఇంకెన్ని పైసలు పెడ్తరు? అమ్మేయుండ్రి" అన్నాడు. 2014లో తయారీ ఆగిపోయిన బండి మరి!

విప్పి చూస్తే పిస్టన్ చుట్టూ తుప్పు, ఫ్లూయిడ్ డికాషన్ లా నల్లగా ఉంది. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. మేం ఏనాడూ మార్చిన పాపాన పోలేదు. తప్పు బండిది కాదు, మాది.

నిజానికి ఇందులో ఉన్నవెన్ని? పిస్టన్, రబ్బరు సీలు, డస్ట్ బూట్, రెండు పిన్నులు. ఆ సీలు పనితనం చూస్తే ముచ్చటేస్తుంది. లీక్ ఆపడమే కాదు, బ్రేక్ తొక్కితే పిస్టన్ తో పాటు కాస్త వంగి, వదలగానే దాన్ని వెనక్కి లాగేదీ అదే. స్ప్రింగే లేదు!

ఇంతలో మెకానిక్ పెట్రోల్ డబ్బా తెచ్చాడు, కడగడానికి. "వద్దన్నా, పెట్రోల్ తగిలితే సీలు ఉబ్బుతది" అన్నాను. "ఇరవై ఏండ్ల సంది గిట్లనే కడుగుతున్న సార్" అన్నాడు. మన ఆఫీసుల్లో "ఇన్నాళ్ళూ ప్రొడక్షన్ లో బానే నడిచిందిగా" అంటారే, అచ్చం అలాగే :) చివరికి కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ తోనే కడిగాం. గుంటలు పడ్డ పిస్టన్ మార్చాం, సీళ్ళు రెండు వైపులా కొత్తవి వేశాం. బాపు పెడల్ తొక్కుతుంటే నేను నిపుల్ విప్పి గాలి తీశాను.

2022 ఏప్రిల్ లో పదిహేనేళ్ళు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5000 చేశారు. పాత బండ్లు ప్రమాదమే అనుకుందాం. మరి ఫ్లూయిడ్ మొహం చూడని ఆరేళ్ళ బండి సంగతేంటి? దాన్ని అడిగేవాడు లేడు. లెక్క చూడాల్సింది వయసుది కాదు, చేసిన సర్వీసుది అని నా అభిప్రాయం.

ఇంతకీ మీ బండిలో బ్రేక్ ఫ్లూయిడ్ ఆఖరిసారి ఎప్పుడు మార్చారు? గుర్తు రాకపోతే, ఈ శనివారమే ఆ పని చూడండి. రేపు ఆ బండి నడిపేది మీ నాన్నగారే కావచ్చు.