ఎద్దుకున్న న్యాయం జీపుకు లేదా?

మా రామగిరిలో నలుగురు చేరిన చోట నా ప్రసక్తి వస్తే, "అయివారు మంచోడే గానీ, ఆ జీపు పిచ్చే..." అని సగంలో ఆపి నిట్టూరుస్తారట. రిటైరైన బడిపంతులు రామకోటి రాసుకోవాలి. కాకపోతే మనవల్ని ఆడించాలి. అదీ కాకపోతే పింఛను చాలడం లేదని పేపరుకు ఉత్తరం రాయాలి. ఈ మూడూ వదిలేసి యాభై ఏళ్ళ నాటి జీపు కింద వెల్లకిలా పడుకుని గ్రీజు పూసుకుంటున్నాడంటే, బుర్రలో ఎక్కడో నట్టు వదులైందనే కదా ఎవరైనా అనుకునేది. అనుకోనివ్వండి. నా తగువు ఊరితో కాదు. జీపు పోటీలు పెట్టే పెద్దమనుషులతో.

రామగిరి తెలియని వారికి రెండు ముక్కలు చెబుతాను. బంగారు గనుల ఊరు మాది. గనులు మూతపడ్డాయి, బంగారం మాట పాతబడింది, కొండల మీదికి గాలిమరలు వచ్చాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే పండగే. ఎర్రనేల, పలుగురాళ్ళు, ఎండిన వంకలు. తారురోడ్డు దిగి నాలుగడుగులు వేస్తే చాలు, ఏ బండి ఏపాటిదో తేలిపోతుంది. సినిమావాళ్ళకు మా సీమ అంటే గాల్లోకి ఎగిరిపడే సుమోలు ఒక్కటే గుర్తు. నేను పుట్టి బుద్ధెరిగి ఒక్క బండి ఎగరగా చూడలేదు. వంకలో ఇరుసుల దాకా దిగబడిన బండ్లను మాత్రం కావలసినన్ని చూశాను.

మా చిన్నతనంలో జీపు అంటే సమితి జీపు. 1985లో మండలాలు రాకముందు బీడీవో గారు అందులోనే ఊళ్ళోకి దిగేవారు. ఎన్నికల పెట్టెలు అందులోనే, మశూచి టీకాల వాళ్ళు అందులోనే. దాని వెనక పరుగెత్తి దుమ్ము తినని పిల్లవాడు మా బళ్ళో లేడు. ఆ దుమ్ము ఇంకా నా ఊపిరితిత్తుల్లో ఉందేమో, లేకపోతే ఈ వయసులో ఇదేమిటి చెప్పండి?

ధర్మవరం దాపున ఒకాయన దొడ్లో, చింతచెట్టు కింద, 1972 నాటి మహీంద్రా జీపు కనబడింది. అందులో కోళ్ళు కాపురం ఉంటున్నాయి. ఇంజను బిగుసుకుపోయింది. అడుగు రేకు తుప్పు పట్టి కింది నేల కనిపిస్తోంది. అరవై రెండు వేలకు బేరం తెగింది. కోళ్ళను మాత్రం ఆయన ఇవ్వనన్నాడు.

జీపు పుట్టింది యుద్ధంలో. 1941 నుంచి 1945 దాకా అమెరికాలో విల్లీసు, ఫోర్డు కంపెనీలు రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా చేశాయి. సుమారు 1,100 కిలోల బరువు, 60 గుర్రాల బలం, అంతే. 1947 నుంచి బొంబాయిలో మహీంద్రా వారు వాటిని బిగించడం మొదలుపెట్టారు. ఆ వంశంలోదే సీజే 3బీ, నాది అదే. బానెట్టు మరీ ఎత్తుగా, వాచిన నుదురులా ఉంటుంది. సోకు కోసం కాదు లెండి, లోపల పెట్టిన హరికేన్ ఇంజను పొడుగు అలాటిది. అంచేత ఆ నుదురు చూసి నవ్వేవాళ్ళను నేను క్షమిస్తాను.

మా మేస్త్రీ బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, బొటనవేలితో ఇరుసు మీది మన్ను గీకి చూసి, "ఇంజను సచ్చింది అయివారా. ఎముకలు మాత్రం గట్టివి" అన్నాడు. ఎముకలంటే ఛాసిస్సు, గేరుబాక్సు, ముందు వెనక ఇరుసులు, రెండింటికీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు. మా వైపు సర్వీసు జీపులు నడిపినవాళ్ళు డీజిలు మిగుల్తుందని ముందు ఇరుసుకు పోయే షాఫ్టు పీకి పారేసేవారు. ఈ బండికి ఆ గతి పట్టలేదు. ప్రతి జీపుకూ నాలుగు చక్రాలుంటాయి, లాగేవి ఎన్ని అన్నదే ప్రశ్న.

పాత జీపు నుంచి తీసిన డీజిలు ఇంజను ఒకటి అనంతపురంలో దొరికింది. దానికీ మా గేరుబాక్సుకూ పొత్తు కుదరలేదు. రెండింటి మధ్య ఒక ఇనుప పలక పెట్టాలి. దాని రంధ్రాలు వెంట్రుకవాసి తేడా వచ్చినా క్లచ్చు నిలవదు. హిందూపురంలో ఒక లేతుషాపు ముసలాయన మూడు రోజులు కూర్చుని, ఆ పలకను ఆరువందల రూపాయల కూలికి చేసిచ్చాడు. నేను ముప్ఫై అయిదేళ్ళు లెక్కలు చెప్పాను. వృత్తానికి కేంద్రం కనుక్కోవడం ఎంత పనో ఆ రోజు తెలిసింది.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి, అసలు కీలకం చెబుతాను. ఇరుసు మధ్యలో డిఫరెన్షియల్ అనే గుండ్రటి డబ్బా ఒకటి ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. ఆ తేడా సర్దడం దీని పని. మంచిదే. కానీ దీనికొక దుర్గుణం ఉంది. ఏ చక్రానికి పట్టు లేదో తిరుగుడంతా దానికే వెళ్ళిపోతుంది. రాయెక్కి ఒక చక్రం గాల్లోకి లేచిందా, అది గిర్రున తిరుగుతుంది. నేల మీద గట్టిగా నిలబడ్డ చక్రం మాత్రం కదలదు. పని లేనివాడి హడావుడి, పనివాడి మౌనం అన్నమాట. ఇలాటి ఏర్పాటు నేను ఇరుసుల్లోనే కాదు, ఇతరత్రా కూడా చూశాను, అది వేరే సంగతి.

దీనికి డబ్బున్నవాడి మందు లాకరు. మీట నొక్కితే రెండు చక్రాలూ ఒకటైపోతాయి. పైదేశం నుంచి వచ్చే ఆ సరుకు రెండిరుసులకూ వేయిస్తే నేను జీపుకు పెట్టిన వెల చాలదు. లేనివాడి మందు వెల్డింగు. "ఎనక ఇరుసు లోపలి పళ్ళు అతికేద్దాం అయివారా. మలుపు సరిగ్గా తిరగదు. టైర్లు అరుగుతాయి. ఏదో ఒకనాడు షాఫ్టు ఇరుగుతాది. అయినా ఎక్కుతాది" అన్నాడు మేస్త్రీ. ఇంత నిజాయితీగా మాట్లాడిన అమ్మకందారును నేను ఏ షోరూములోనూ చూడలేదు.

ఇసుకలో దిగే ముందు టైర్లలో గాలి సగానికి సగం తగ్గించాలన్నదీ ఆయన చెప్పిందే. టైరు చదునై పొడుగ్గా పరుచుకుంటుంది, ఇసుక మీద బరువు పంచుకుంటుంది. ఖర్చు సున్నా. ఒంటె పాదం చూసినవాడికి ఇది వివరించనక్కరలేదు.

ఒక్క చోట మాత్రం పిసినారితనం చూపలేదు. పల్టీ కొడితే ప్రాణం నిలబెట్టే గొట్టాల పంజరం, బెల్టులు, బ్రేకులు. వీటికి కొత్త సామానే వాడాం. అన్నీ కలిపి రెండు లక్షల ఎనభై వేలు అయింది. మా ఆవిడకు చెప్పిన లెక్క లక్షా తొంభై. ఆవిడ ఈ పత్రిక వదలకుండా చదువుతుంది గనక మిగతాది ఇప్పుడు తెలుస్తుంది. ఏం చేస్తాం.

సరే, పోటీకి పోయాం. కర్ణాటక సరిహద్దు దాటాక ఒక పెద్ద తోట. జీపుల పోటీ అంటే వేగం అనుకునేరు, కాదు. రాళ్ళు, గుంతలు, బురద మధ్య జెండాలు పాతి ఉంటారు. వాటికి తగలకుండా, ఇచ్చిన నిమిషాల్లో బండిని దాటించాలి. ఒక్కోసారి నడక కంటే నెమ్మది. ఓపికా, కన్నూ, కాలి బొటనవేలి సుతారమూ ఉండాలి. ముసలివాడికి తగిన ఆటే.

మేం జీపును టెంపోలో ఎక్కించుకుని నేనూ మేస్త్రీ ఇద్దరం పోయాం, సద్ది మూటతో సహా. మా పక్కన దిగిన బండికి ఆరుగురు మెకానిక్కులు, రెండు లాకర్లు, ముందొకటి వెనకొకటి కరెంటు వించీలు, గొడుగు పట్టడానికి వేరే మనిషి. దాని ఒక్క టైరు ధర చెప్పగానే మేస్త్రీ నమస్కారం పెట్టాడు. టైరుకి. బండి నడిపే అబ్బాయికి పాతికేళ్ళుంటాయి, మర్యాదస్తుడే, నన్ను "అంకుల్" అని నీళ్ళసీసా ఇచ్చాడు. అతని మీద నాకేం కోపం లేదు.

రెండు మెట్లు బాగానే దాటాం. మూడో మెట్టులో బండరాయి ఎక్కుతుండగా వెనక టప్పుమని శబ్దం. మేస్త్రీ జోస్యం ఫలించింది. నలభై నిమిషాల్లో ఆయన కొత్త షాఫ్టు ఎక్కించాడు. తోడు తెచ్చిన పాతదే, మాకు కొత్త. పదకొండు బండ్లలో తొమ్మిదో స్థానం వచ్చింది. మిగతా ఇద్దరూ మాకన్నా ముందే ఇంటికి పోయారు గనక ఆ స్థానం కూడా పూర్తిగా మా సంపాదన కాదు.

ఓడినందుకు ఏడుపు కాదండీ ఇది. సాయంత్రం నిర్వాహకుల దగ్గరికి పోయి, "బాబూ, మూడు లక్షల బండినీ నలభై లక్షల బండినీ ఒకే గాటకు కడితే ఎట్లా?" అని అడిగాను. "ఓపెన్ క్లాస్ అంకుల్. అందరికీ సమానం" అన్నాడు. సమానం! ఈ మాట ఎంత అందంగా ఉంటుందో, దాన్ని పట్టుకుని ఎన్ని అన్యాయాలు జరుగుతాయో!

మా సీమ తిరునాళ్ళలో బండలాగుడు పోటీలు చూశారా? అక్కడ ఎద్దుల నోరు తెరిచి చూస్తారు. పాలపళ్ళ జత పాలపళ్ళ జతతోనే. రెండు పళ్ళవి వేరు, నాలుగు పళ్ళవి వేరు, ఆరు పళ్ళవి వేరు, ముదురు ఎద్దులు వేరు. బండ బరువూ దాన్నిబట్టే. పాలపళ్ళ కోడెను తెచ్చి ముదురెద్దు పక్కన నిలబెట్టి "సమానం" అన్నవాణ్ణి ఆ జనం ఊరికే వదిలిపెట్టరు. చదువురాని రైతుకు తెలిసిన న్యాయం చదువుకున్న జీపువాళ్ళకు తెలియకపోయె! ఎద్దుకు పళ్ళు చూస్తారు, జీపుకు బిల్లులు చూడండి. అంతే నేనడిగేది. మూడు లక్షల లోపు బండ్లకు వేరే వరస పెట్టండి. (నా బండికి రెండు లక్షల ఎనభై అయింది గనక మూడు అన్నానని మీకు తోస్తే, నేను కాదనను.)

ఇది నా బుర్రలో పుట్టిన వింత కాదు. అమెరికాలో 2006 నుంచి 24 అవర్స్ ఆఫ్ లెమన్స్ అని కార్ల పందెం నడుస్తోంది. ఫ్రాన్సులోని లెమాన్స్ పందేనికి వెక్కిరింపు పేరు. లెమన్ అంటే అక్కడ పనికిమాలిన బండి అని కూడా అర్థం. ఆ పందెంలో కారు వెల 500 డాలర్లు మించరాదు. ఎక్కువ పెట్టావని అనుమానం వస్తే చుట్లు కోసేస్తారు. అయితే పంజరం, బ్రేకులు వగైరా ప్రాణరక్షణ సామాను ఆ లెక్కలోకి రాదు. చూశారా తెలివి? సోకుల మీద కట్టుబాటు, ప్రాణం మీద లేదు.

"దొంగబిల్లులు పెడతారు గదా" అంటాడు మా మేనల్లుడు. పెడతారు. దానికీ గుర్రప్పందేల వాళ్ళ దగ్గర విరుగుడు ఉంది. కొన్ని పందేల్లో ముందే ఒక ధర ప్రకటిస్తారు, పరుగెత్తిన గుర్రాన్ని ఆ ధరకు కొనుక్కునే హక్కు ఇతరులకుంటుంది. అదే పెట్టండి. మూడు లక్షల వరసలో దిగిన బండిని మూడు లక్షలకు ఎవరడిగినా ఇచ్చెయ్యాలి. పది లక్షలు పెట్టి మూడని రాసినవాడు చచ్చినా దిగడు. "మరి నీ జీపు అడిగితే ఇస్తావా మామా?" అన్నాడు వాడు. ఇస్తాను. వారం రోజులు అన్నం సయించదు. అయినా ఇస్తాను.

ఇక చట్టం సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ చేసిన తీరుకు భిన్నంగా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. కారణం లేదనను. ఆటోను సాగదీసి పాతికమందిని కుక్కినవాళ్ళను నేనూ చూశాను. కానీ 2021లో పాత బండ్లకు ప్రత్యేక రిజిస్ట్రేషను పెట్టినప్పుడు, యాభై ఏళ్ళు దాటితే చాలదన్నారు. ఛాసిస్సు, బాడీ, ఇంజను మార్పు లేకుండా అసలు రూపంలో ఉండాలన్నారు. అంటే అద్దాలగదిలో పెట్టుకునే జమీందారు కారుకు చోటుంది, బతికి పనిచేయడానికి ఇంజను మార్చుకున్న జీపుకు లేదు. బ్రిటన్‌లో ఇంట్లో కట్టుకున్న బండిని సైతం విడిగా పరీక్షించి, నిలబడితే రోడ్డెక్కనిచ్చే పద్ధతి ఉంది. మార్చావా అని కాదు, నిలుస్తుందా అని అడుగుతారు. ఈ తేడా మనవాళ్ళకు చెప్పేదెవరు?

రామగిరి నుంచి పెనుకొండ ఎంతో దూరం కాదు. ఆ పక్కన ఎర్రమంచి దగ్గర కియా కార్ఖానా వచ్చింది, ఏటా మూడు లక్షల కార్లు చేయగలదు. సంతోషమే. మా పిల్లలు యూనిఫారం వేసుకుని పనికి పోతున్నారు. మేస్త్రీ కొడుకూ ఉద్యోగమని అటే పోయాడు. "నేర్సుకోరా అంటే, ఇప్పుడు ఎవురు రిపేరు చేపిస్తారు నాయనా, పార్టు మార్చేస్తారు అంటాడు" అని చెప్పాడు మేస్త్రీ, స్పానరు తుడుస్తూ. కొడుకు అన్నది అబద్ధం కాదు. అందుకే పోటీ కావాలంటున్నాను. మేం పోటీకి పోయొచ్చిన వారం షెడ్డు దగ్గర ఎప్పుడూ కనబడని కుర్రాళ్ళు ఆరేడుగురు మూగారు. విరిగిన షాఫ్టు చేతిలోకి తీసుకుని, ఎక్కడ విరిగింది, ఎందుకు విరిగింది అని అడిగారు. ఒకడు మర్నాడు కూడా వచ్చాడు. మూడో నాడు చేతికి గ్రీజు అంటించుకున్నాడు. డబ్బున్నవాడే గెలిచే ఆట అని తెలిస్తే వాడు నాలుగో నాడు రాడు.

హిందూపురంలో ఒక పాత జీపును విడగొడుతున్నారని, వెనక షాఫ్టులు రెండూ బాగున్నాయని మేస్త్రీకి కబురొచ్చింది. రేపు మొదటి బస్సుకు పోతున్నాం, ఆ కుర్రవాడూ వస్తానన్నాడు. అయిదు వేలు అడుగుతున్నారట. మూడున్నరకు దింపుతానని మేస్త్రీ ధైర్యం. మా ఆవిడకు రెండు వేలని చెప్పాను. పత్రిక వచ్చేసరికి ఇంకా వారం ఉంది గదా.