బొక్కెనకి చేంతాడుంది, మనిషికేది?



ఈ నెల గోడ పత్రికకి "ప్రపంచంలో వింత ప్రదేశాలు" అని అంశం ఇచ్చారు. చాలామంది తాజ్‌మహల్ గురించి, ఈఫిల్ టవర్ గురించి రాస్తున్నారు. నేను ఐసు కింద మునిగే చోట్ల గురించి రాస్తున్నాను. అక్కడ మొదలుపెట్టి చివరికి మన కాలవ దగ్గరికే వస్తాను. కొంచెం ఓపిగ్గా చదవండి.

మన రేపల్లె, బాపట్ల వైపు పిల్లలకి ఐసు అంటే రెండు రకాలే. ఒకటి పుల్ల ఐసు. రెండోది నిజాంపట్నం రేవులో చేపల మీద పగలగొట్టి పోసే ఐసు. మా నాయన ఆ దిమ్మలు మోసిన రోజు రాత్రి చేతులు మొద్దుబారిపోయి అన్నం ముద్ద కూడా సరిగ్గా పట్టుకోలేడు. అలాంటి ఐసు ఒక చెరువు మొత్తానికి మూతలాగ కప్పుకుని ఉంటే, దానికి కన్నం కోసి అందులోంచి లోపలికి దిగే మనుషులు ఉన్నారంటే నేను మొదట నమ్మలేదు. సైన్సు సార్ కంప్యూటర్లో చూపించాక నమ్మాను.

పైన అంత ఐసు ఉంటే కింద చేపలు ఎలా బతుకుతాయి అని అడిగాను. సార్ మన పాఠంలోదే చెప్పారు. నీరు 4 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర అన్నిటికన్నా బరువుగా ఉంటుంది. ఆ నీరు అడుక్కి పోతుంది. ఇంకా చల్లబడిన నీరు తేలికై పైనే ఉండి గడ్డకడుతుంది. అందుకే చెరువు పైనుంచి గడ్డకడుతుంది, అడుగు నుంచి కాదు. ఆ గడ్డే దుప్పటిలాగ కింద నీటిని కాపాడుతుంది. సముద్రం నీరైతే ఉప్పు వల్ల సున్నా కన్నా దాదాపు 2 డిగ్రీలు తగ్గితే గాని గడ్డకట్టదు. పరీక్ష కోసం బట్టీ పట్టిన ముక్క ఇంత పనికొచ్చేదని అప్పుడే తెలిసింది.

ఇక ఆ చోట్లు చెప్తాను. రష్యాలో సైబీరియాలో బైకాల్ అనే సరస్సు ఉంది. లోతు 1642 మీటర్లు. ప్రపంచంలో దీనికన్నా లోతైన సరస్సు లేదు. చలికాలంలో దీని మీద ఐసు ఎంత గట్టిగా కడుతుందంటే దాని మీద కార్లు తోలుతారు. ఆ ఐసు కొన్నిచోట్ల అద్దంలాగ ఉండి కింద నీరు కనపడుతుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడ కన్నం కోసి దిగుతారు. నెర్పా అనే సీల్ జంతువు ఆ సరస్సులోనే ఉంటుంది. రష్యాలోనే ఉత్తరాన తెల్ల సముద్రం అని ఇంకొకటి ఉంది. అక్కడ బెలూగా అనే తెల్లని తిమింగలాలు తిరుగుతాయి. ఆస్ట్రియా దేశంలో కొండల మధ్య వైసెన్‌సీ అనే సరస్సులో కూడా ఐసు కింద మునుగుతారు.

అంటార్కిటికాలో మెక్‌మర్డో అనే చోట అమెరికా శాస్త్రవేత్తలు చదువు కోసం, పరిశోధన కోసం మునుగుతారు. అంటార్కిటికాలో మన దేశానికి కూడా మైత్రి, భారతి అని రెండు కేంద్రాలు ఉన్నాయి. ఫిన్లాండ్‌లో యోహన్నా నోర్డ్‌బ్లాడ్ అనే ఆవిడ 2021 మార్చిలో గాలి సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరితో, ఐసు కింద 103 మీటర్లు ఈదింది. ఆడమనిషి అని చెప్పడం మర్చిపోవద్దని నా బెంచీ అమ్మాయి చెప్పింది. అందుకే రాశాను.

ఇవన్నీ వింతలే. కానీ నన్ను ఆపేసింది ఇవి కాదు. వాళ్ళు దిగే ముందు చేసే పని.

ముందు ఐసు మీద మూడు మూలల కన్నం కోస్తారు. మూలలో మోచేతులు ఆనించి పైకి రావడం తేలిక అంట. ఐసు మీద పడిన మంచుని కన్నం వైపు గీతలు గీతలుగా చెక్కుతారు. కింద ఉన్నవాళ్ళకి ఆ గీతలు వెలుగు దారుల్లాగ కనిపించి కన్నం ఎటుందో చెప్తాయి. ఊపిరి పీల్చే సాధనం చలికి గడ్డకట్టుకుపోతే వాడుకోవడానికి రెండోది తగిలించుకుంటారు. దిగే మనిషికి తాడు కడతారు. తాడు రెండో కొస పైన ఒక మనిషి చేతిలో ఉంటుంది. ఆ మనిషికి వేరే పని ఉండదు. కబుర్లు చెప్పకూడదు, అటూ ఇటూ పోకూడదు. ముందే అనుకున్న లెక్క ప్రకారం తాడు లాగితే కింద మనిషి బాగున్నాడో, కష్టంలో ఉన్నాడో పైన తెలిసిపోతుంది. ఇంకొక ఈతగాడు దుస్తులన్నీ వేసుకుని, అవసరమైతే దూకడానికి పక్కనే తయారుగా కూర్చుని ఉంటాడు. మెక్‌మర్డోలో నీరు చాలా తేటగా ఉంటుంది కనుక కొన్నిసార్లు ఒంటికి తాడు కట్టుకోరు. అప్పుడు కూడా జెండాలు, లైటు కట్టిన తాడు కన్నంలోంచి కిందికి వేలాడదీసి ఉంచుతారు.

అంటే ఒక మనిషి నీళ్ళల్లోకి పోతే ఆ మనిషి కోసం పైన ఇద్దరు, ముగ్గురు మేలుకుని ఉన్నారు.

ఇప్పుడు మన దగ్గరికి వస్తాను. మనలో చాలామంది యానాది పిల్లలం. మన నాయనలు, తాతలు నీళ్ళల్లోనే బతికారు. మడ అడవుల్లో బురద కన్నంలో చెయ్యి పెట్టి పీతని తీస్తారు. కాలవలో మునిగి రాళ్ళ సందుల్లో కొరమీనుని చేత్తో పడతారు. బావిలో బిందె పడినా, మోటారు గొట్టానికి నాచు అడ్డం పడినా మనవాళ్ళ కోసమే కబురు వస్తుంది. ఐసు కింద మునిగినవాళ్ళ ఫోటోలు పుస్తకాల్లో వేస్తారు. మనవాళ్ళు కూడా కళ్ళు కనపడని బురద నీటిలో మునుగుతారు. ఇదీ విద్యే అని నేనంటాను.

కాని ఒక తేడా ఉంది. మనవాళ్ళకి తాడు లేదు.

రెండేళ్ళ కిందట ఒక రొయ్యల చెరువుకి తూము మూసుకుపోయింది. ఆ చెరువు ఆసామి రాత్రిపూట మా చిన్నాన్నని పిలిపించాడు. "నువ్వు నీళ్ళ మనిషివి, నీకేం భయంరా" అన్నాడంట. చిన్నాన్న మా అందరిలోకి మంచి ఈతగాడు. దిగి అడ్డం ఉన్న చెత్త లాగేశాడు. లాగగానే తూములోకి నీరు ఒక్కసారిగా గుంజింది. గట్టు మీద ఒక్క మనిషి టార్చిలైటు పట్టుకుని ఉన్నాడు. తాడు లేదు. తెల్లారాక చిన్నాన్నని తీశారు. ఆ పనికి ఇస్తానన్నది మూడు వందల రూపాయలు. మా పిన్ని కూతురు ఇప్పుడు మన హాస్టల్లోనే మూడో తరగతి చదువుతోంది. మీ అందరికీ తెలుసు.

అందరూ అన్నారు, తలరాత అని. ఐసు సంగతి తెలిశాక నేను అలా అనుకోవడం లేదు. బావిలో వేసే బొక్కెనకి కూడా మనం చేంతాడు కడతాం. మునిగిపోతే మళ్ళీ కొనుక్కోవాలి కదా అని. మనిషికి మాత్రం కట్టం. "నీళ్ళ మనిషికి తాడెందుకు" అంటాం. బైకాల్లో దిగేవాళ్ళు ఈత రానివాళ్ళా? చాలా బాగా వచ్చినవాళ్ళే. వచ్చు కాబట్టే కట్టుకుంటున్నారు. తాడు పిరికితనం కాదు. అది కూడా విద్యలో భాగం. ఇది నా అభిప్రాయం.

మన హాస్టల్లో కాలవ వైపు పోవద్దని కచ్చితమైన రూలు ఉంది. మేడమ్ గారిని నేను తప్పు పట్టడం లేదు. మా అమ్మ నన్ను ఇక్కడ అప్పజెప్పి వెళ్ళింది, సెలవులకి క్షేమంగా తిరిగి అడుగుతుంది. ఆ భయం ఆవిడకి ఉంటుంది. కాని వద్దు అంటే నీళ్ళు మనల్ని వదిలిపెడతాయా? తెనాలి ఊరి మధ్యనుంచే మూడు కాలవలు పారుతున్నాయి. రేపల్లెకి ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క సముద్రం. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన గురించి మా నాయనమ్మ ఇప్పటికీ చెప్పి ఏడుస్తుంది. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. సెలవులకి ఇంటికి పోతే నీళ్ళ కోసం, చేపల కోసం మనం దిగాల్సిందే. మన అమ్మమ్మలకి ఈత వచ్చు. హాస్టల్లో చదువుకుంటున్న మనకి రాదు. చదువు వచ్చి ఈత పోతే అది లాభమా?

ఆడపిల్లలకి ఇవన్నీ దేనికి అని కొందరు అంటారు. మాలావత్ పూర్ణ అక్క నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం గిరిజన అమ్మాయి. మనలాగే ప్రభుత్వ గురుకులంలో చదివింది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పటికి పద్నాలుగేళ్ళు కూడా నిండలేదు. 2019 డిసెంబరులో అంటార్కిటికాలో విన్సన్ శిఖరం కూడా ఎక్కింది. ఆమెని ఎవరూ ఒక్కసారిగా మంచులోకి తోసెయ్యలేదు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు కట్టి నేర్పించారు. వాళ్ళకి గుట్ట ఉంది. మనకి నీళ్ళు ఉన్నాయి.

అందుకని మేడమ్ గారికి, పి.ఇ.టి. టీచరు గారికి నా మనవులు ఇవి.

1. కాలవలో నీరు తక్కువగా ఉన్న రోజుల్లో, నడుం లోతులో, బెండ్లు కట్టి మాకు ఈత నేర్పించండి. తల్లిదండ్రుల సంతకం తీసుకోండి.

2. కాలవ రేవు దగ్గర ఒక మోకు, ఒక లారీ ట్యూబు ఎప్పుడూ వేలాడదీసి ఉంచండి. ఎవరైనా మునిగితే మనం దూకకుండా అది విసరవచ్చు.

3. ఇది మేడమ్ గారికి కాదు, మనకి. సంక్రాంతి సెలవులకి పోయినప్పుడు నాయనకి, అన్నకి, మామకి చెప్పండి. ఎవరు పిలిచినా, ఎంత ఇస్తానన్నా, నడుముకి తాడు లేకుండా, గట్టు మీద ఆ తాడు పట్టుకునే మనిషి లేకుండా దిగవద్దని. మొదట నవ్వుతారు. మా నాయన కూడా నవ్వాడు. ఇప్పుడు ఆయన సంచిలో మోకు ఉంది.

నేను బైకాల్ చూస్తానో లేదో తెలియదు. చూడాలని మాత్రం ఉంది. అప్పటిదాకా మన రేవులో తాడు పట్టుకోవడం నేర్చుకుంటాను.

నా రాతలో తప్పులుంటే పెద్దలు మన్నించవలెను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని