సెలవు ఏడాదే, అప్పు ఎన్నేళ్లు?

పరదేశంలో కొన్నాళ్లు బతికి చూడాలన్న కోరికలో తప్పేమీ లేదు. నాలుగు చోట్లు తిరిగి, నలుగురితో కలిసి పనిచేసిన యువత మనసు విశాలమవుతుంది. ఆస్ట్రేలియా 2024లో భారతీయులకు తెరిచిన ‘వర్క్ అండ్ హాలిడే’ వీసా అలాంటి అవకాశమే! 18 నుంచి 30 ఏళ్ల వారికి ఏటా వెయ్యి వీసాలు. ఏడాదిపాటు ఆ దేశమంతా తిరుగుతూ, ఖర్చులకు ఏదో ఒక పని చేసుకోవచ్చు. అయితే ఒకే యజమాని వద్ద సాధారణంగా ఆరు నెలలకు మించి పనిచేయకూడదు. చదువుకు నాలుగు నెలలే గడువు. స్థిరపడేందుకు ఇచ్చిన వీసా కాదిది.

పైగా ఆ వెయ్యి మందినీ ఎంచేది లాటరీ! 2024లో అందులో పేరు నమోదు చేసుకోవడానికి రుసుము 25 ఆస్ట్రేలియా డాలర్లు మాత్రమే. పేరు వచ్చిన తర్వాతే అసలు దరఖాస్తు, దాని రుసుము. మరి ‘వీసా గ్యారంటీ’ అంటూ లక్షలడిగే ఏజెంటు తన చేతిలో లేనిదాన్ని అమ్ముతున్నట్టే కదా! ఆ మాట నమ్మి పొలం తాకట్టు పెట్టిన తండ్రికి కంటిమీద కునుకుండదు. ఆ అప్పు మోసుకుంటూ విమానమెక్కిన బిడ్డకు సెలవు కాస్తా చాకిరీగా మారుతుంది.

యువతీయువకులారా! పేరు మీరే నమోదు చేసుకోండి. వస్తే సంతోషంగా వెళ్లి రండి. రాకపోతే కుంగిపోకండి, లాటరీ మీ విలువను తేల్చదు. తల్లిదండ్రులారా! బిడ్డల కోరికను కాదనకండి, కానీ ఒక్క ఏడాది ముచ్చట కోసం ఇంటిల్లిపాది బతుకును పణంగా పెట్టకండి.