ఒక్క జోస్యం వద్దు, నాలుగు కథలు కావాలి

మన కాలేజీకి గెస్ట్ లెక్చర్‌కి ఎవరొచ్చినా చివర్లో పడే ప్రశ్న ఒకటే. "సార్, ఏఐ వల్ల మా ఉద్యోగాలు పోతాయా?" జవాబులు మాత్రం రెండు రకాలు. ఒకాయన "కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డారు, ఏమైంది? స్కిల్స్ పెంచుకోండి" అంటారు. ఇంకొకాయన "ఐదేళ్లలో కోడింగ్ అనే పనే ఉండదు" అంటారు. మొదటాయన వచ్చిన వారం మనం ధైర్యంగా తిరుగుతాం, రెండో ఆయన వచ్చిన వారం మెస్‌లో అన్నం సహించదు. రెండు వారాల్లోనూ చేసేది మాత్రం ఒక్కటే, ఇంకో ఆన్‌లైన్ కోర్సు కొనడం.

నా పేచీ జవాబులతో కాదు, ప్రశ్నతో. భవిష్యత్తు ఎంసెట్ రిజల్టు లాంటిదని మనం అనుకుంటున్నాం. పేపర్లు దిద్దేశారు, మార్కులు వేసేశారు, వెబ్‌సైట్ తెరుచుకోవడమే ఆలస్యం, ఎవరైనా పెద్దాయన ముందే చూసి చెప్తే బాగుండు అని. కానీ పెద్దవాళ్లకీ అది కనిపించదు. జెఫ్రీ హింటన్ కంటే ఏఐ తెలిసినవాళ్లు ఎంతమంది ఉంటారు? 2024లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న మనిషి. ఆయనే 2016లో, ఇక రేడియాలజిస్టులకు ట్రైనింగ్ ఇవ్వడం ఆపేయాలి, ఐదేళ్లలో మెషీన్లు వాళ్లకంటే బాగా చూస్తాయి అన్నారు. ఆ ఐదేళ్లూ దాటి చాలా కాలమైంది. స్కానింగ్ సెంటర్‌కి వెళ్తే రిపోర్టు మీద ఇప్పటికీ డాక్టరు సంతకమే ఉంటోంది. ఆయన తెలివి తక్కువ కాదు. ఒకే గీత గీసి, అది తిన్నగా పోతుందనుకోవడంలోనే ఉంది తిరకాసు.

దీనికి విరుగుడుగా ఒక పాత పద్ధతి ఉంది, పేరు సినారియో ప్లానింగ్. మాట సినిమా వాళ్లది. 1950లలో అమెరికాలో ర్యాండ్ కార్పొరేషన్‌లో పనిచేసిన హెర్మన్ కాన్ అణుయుద్ధం గురించి ఆలోచించడానికి దాన్ని వాడాడు. తర్వాత షెల్ ఆయిల్ కంపెనీలో పియర్ వాక్ అనే ఫ్రెంచాయన దాన్ని వ్యాపారానికి పట్టుకొచ్చాడు. 1970ల మొదట్లో కంపెనీలన్నీ చమురు ఎప్పటికీ చవగ్గానే ఉంటుందని లెక్కలు వేసుకుంటుంటే, వాక్ బృందం "అలా ఉండకపోతే?" అని వేరే కథలు రాసి మేనేజర్ల ముందు పెట్టింది. 1973 అక్టోబర్‌లో యుద్ధం వచ్చింది. బ్యారెల్ మూడు డాలర్ల దగ్గర నుంచి కొద్ది నెలల్లో పన్నెండు డాలర్ల దాకా పోయింది. షెల్ దగ్గర ఆ రోజు కోసం ముందే ఆలోచించి పెట్టుకున్న కథ ఉంది.

వాక్ ఒక పోలిక చెప్పేవాడు, అదీ మన దేశం నుంచే. గంగ ఎగువన భారీ వాన పడితే, ఇన్ని రోజులకి రిషీకేశ్‌లో, ఇన్ని రోజులకి అలహాబాద్‌లో, ఇన్ని రోజులకి కాశీలో వరద వస్తుందని చెప్పొచ్చు. అది జోస్యం కాదు, పడిపోయిన వాన లెక్క. గోదావరి జిల్లాల వాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. భద్రాచలం దగ్గర 43 అడుగులకి మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. అక్కడ నీళ్లు పెరుగుతున్నాయంటే ధవళేశ్వరంలో ఏం జరగబోతోందో తెలుస్తుంది. కానీ ఏ ఊరి గట్టు తెగుతుందో, ఎవరు ముందే ఇల్లు ఖాళీ చేస్తారో తెలియదు. ఈ పద్ధతిలో సగం పని ఈ రెండిటినీ విడదీయడమే: పడిపోయిన వాన ఏది, తెలియని గట్టు ఏది?

ఏఐ విషయంలో పడిపోయిన వాన కొంత కనిపిస్తూనే ఉంది. 2022 నవంబర్‌లో చాట్‌జీపీటీ వచ్చాక చిన్నపాటి కోడ్ రాయడం చవకైపోయింది, అది వెనక్కి పోదు. మన ఫస్టియర్ వాళ్లు నాలుగేళ్లలో బయటికి వస్తారు, అదీ ఆగదు. మనుషుల్ని లెక్కగట్టి బిల్లు వేసే సర్వీస్ కంపెనీల పద్ధతి మీద ఒత్తిడి మొదలైంది. 2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో సుమారు 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామంది. కారణం ఏఐ కాదు, స్కిల్స్ సరిపోకపోవడం అని చెప్పింది. కారణం ఏదైనా మన హాస్టల్లో ఆ రాత్రి ఎవరూ క్రికెట్ చూడలేదు.

ఇక్కడిదాకా షెల్ కథ. అయితే షెల్‌కి కావలసింది ఒక్కటే, ప్రపంచం ఎటు పోయినా తాను మునగకుండా ఉండటం. మనం "ఫ్యూచర్ ప్రూఫ్ స్కిల్స్" అంటున్నప్పుడు చేస్తున్నదీ అదే. వరద ఎవరు వదిలారని అడగం, పడవ కొనుక్కుంటాం.

నన్ను పట్టుకున్న కథ వేరు. 1990లో నెల్సన్ మండేలా జైలు నుంచి బయటికొచ్చారు. దక్షిణాఫ్రికాలో తర్వాత ఏమవుతుందో ఎవరికీ తెలియదు. 1991, 92లలో కేప్ ప్రాంతంలో మాంట్ ఫ్లూర్ అనే చోట 22 మంది కొన్ని దఫాలుగా కూర్చున్నారు. నల్లవాళ్లు, తెల్లవాళ్లు, కార్మిక నాయకులు, కంపెనీల వాళ్లు, ప్రొఫెసర్లు, బయట ఒకరి మొహం ఒకరు చూసుకోని వాళ్లు. నడిపించిన ఆడమ్ కహేన్ షెల్ నుంచి వచ్చినవాడే. నియమం చాలా చిన్నది: ఏం జరగాలి అని వాదించకూడదు, ఏం జరగొచ్చు అని మాత్రమే చెప్పాలి. ముందు ముప్ఫై దాకా కథలొచ్చాయి, వడపోసి నాలుగు ఉంచారు. ఇసుకలో తల దూర్చిన ఉష్ణపక్షిలా ప్రభుత్వం ఒప్పందానికి రాకపోవడం. కుంటి బాతులా ఎటూ తేల్చలేని బలహీన ప్రభుత్వం. మైనపు రెక్కలతో సూర్యుడి దగ్గరికి ఎగిరి పడిపోయిన గ్రీకు కుర్రాడు ఇకారస్‌లా, గెలిచినవాళ్లు ఒక్కసారే ఖర్చు పెట్టి కూలిపోవడం. చివరిది ఫ్లెమింగోలు, మన పులికాట్‌కి వచ్చే రాజహంసలే, మెల్లగా అయినా అన్నీ కలిసి లేస్తాయి.

ఆ కథల్ని పత్రికలో వేశారు, వీడియో తీశారు, పార్టీల దగ్గరికి పట్టుకెళ్లారు. ఇకారస్ కథ ముఖ్యంగా గెలవబోయేవాళ్లనే కుదిపింది. ఆ గదిలో కూర్చున్న ట్రెవర్ మాన్యుయెల్ 1996లో ఆర్థిక మంత్రి అయ్యారు. అలాగని అద్భుతం జరిగిపోయిందని చెప్పను. అక్కడ నిరుద్యోగం ఈ మధ్య కూడా 30 శాతం పైనే, ఆ జాగ్రత్తే ఎక్కువైందని తిట్టేవాళ్లూ ఉన్నారు. అయినా కథ రాసినవాళ్లే కథలో పాత్రలు. తేడా అక్కడుంది.

ఇప్పుడు ఏఐ గురించి వస్తున్న కథలు చూడండి. 2025 ఏప్రిల్‌లో "ఏఐ 2027" అని ఒక సినారియో బయటికొచ్చింది. నెలనెలా ఏం జరుగుతుందో చెప్పి రెండు ముగింపులు ఇచ్చారు. నిజంగా బాగా రాశారు, నేను తెల్లారేదాకా చదివాను. కానీ అదంతా అమెరికా, చైనాల మధ్య నడిచే కథ. ఇక మన దగ్గర ప్రభుత్వాలకి విజన్ డాక్యుమెంట్లంటే ఇష్టం. 1999 నాటి విజన్ 2020 నుంచీ చూస్తే వాటిలో ఉండేది ఒకే ఒక్క చిత్రం, అదీ మంచి ఎండలో తీసిన ఫొటో. అది తప్పుతుందేమో అనే పేజీ ఉండదు.

పోయిన సెమిస్టర్‌లో మా క్లబ్బు వాళ్లం తొమ్మిది మందిమి రెండు శనివారాలు దీని మీద కూర్చున్నాం. మాకు తెలియని గట్లు రెండు తీసుకున్నాం. ఏఐ సామర్థ్యం ఇలాగే పెరుగుతుందా, లేక ఎక్కడో ఆగుతుందా? అది కొద్ది కంపెనీల చేతిలోనే ఉంటుందా, లేక అందరిదీ అవుతుందా? అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గీస్తే నాలుగు గదులు. సంవత్సరం 2040, చోటు మన రెండు తెలుగు రాష్ట్రాలు.

సామర్థ్యం ఆగిపోయి, కంపెనీల చేతిలోనే ఉంటే "పాత సినిమా, కొత్త పోస్టర్". దాని మీద పెద్దగా మాట్లాడలేదు, అది అందరికీ తెలిసిన సినిమానే. పెరిగి, కొద్దిమంది చేతిలో ఉంటే "అద్దె ఇల్లు". అన్నీ బాగానే పనిచేస్తాయి, ఆస్పత్రి, బడి, రైతు సలహా, అన్నీ తెలుగులోనే. కాకపోతే ఓనరు ఎప్పుడు అద్దె పెంచినా, ఏ గదికి తాళం వేసినా మనం అడగలేం. పెరిగి, అందరిదీ అయితే "ఊరి చెరువు". ఇది మంచి కథ అని సంబరపడేలోపు వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకడు అడ్డుపడ్డాడు. చెరువు ఊరిదైతే పూడిక ఎవరు తీస్తారు? తూము ఎవరు తిప్పుతారు? మా ఊళ్లో నీరటికాడు ఉండేవాడు, ఆఖరి మడికి కూడా నీళ్లు చేరాయా లేదా అన్నది వాడి పని, ఇక్కడ వాడెవడు? ఆ ప్రశ్నకి గంటన్నర పట్టింది. ప్రభుత్వ అనువాద వేదిక భాషిణి మొదలుకొని యూనివర్సిటీల దాకా చాలా పేర్లు వచ్చాయి, ఎవరూ ఒప్పుకోలేదు.

రెండో శనివారం సివిల్ బ్రాంచి అమ్మాయి ఒకామె "మీ నాలుగు కథల్లోనూ మా అమ్మ ఎక్కడుంది?" అంది. వాళ్లమ్మగారు ఆశా వర్కరు. ఇప్పటికే ఇంటింటికీ తిరిగి రాసింది మళ్లీ ఫోన్లో ఎక్కిస్తారు. 2040లో ఆ ఫోనే "ఈ గర్భిణికి ప్రమాదం లేదు" అని చెప్తుంది. ఆవిడకి మాత్రం ఆ అమ్మాయి కాళ్ల వాపు చూసి అనుమానం. ఆస్పత్రికి పంపాలా వద్దా? పంపితే, ఫోను మాట కాదని ఎందుకు పంపావంటారు. పంపకపోతే, ఏదైనా జరిగితే ఊళ్లో నిలదీసేది ఫోన్ని కాదు, ఆవిడని. ఆమె ఇలా చెప్పాక "అద్దె ఇల్లు" కథ మళ్లీ రాశాం. అందులో ఇప్పుడు సర్వర్లు, చిప్‌ల గురించి నాలుగు లైన్లే ఉన్నాయి. మిగతాదంతా మెషీన్ మాట కాదనే హక్కు ఎవరికి ఉంటుంది, ఆ మాట కాగితం మీద ఎక్కడ రాసి ఉంటుంది అన్నదే. రేపు అలాంటి యాప్ రాసేది మనలో ఎవరో కావొచ్చు. ఆ "ఒప్పుకోను" అనే బటన్ పెట్టాలా వద్దా అని అడిగేంత ధైర్యం ఉండాలంటే, ఆ కథ ముందే ఒకసారి విని ఉండాలి కదా.

"ఇదంతా టైంపాస్, మనం నలుగురం కథలు రాస్తే కంపెనీలు ఆగుతాయా?" అని మా రూమ్మేటు అంటాడు. ఆగవు. కానీ రెండేళ్లలో మనలో సగం మంది ఆ కంపెనీల్లోనే ఉంటాం, కొందరు గ్రూప్స్ రాసి ప్రభుత్వంలో ఉంటారు, ఇద్దరు ముగ్గురు రాజకీయాల్లోకి వెళ్తామని ఇప్పుడే బెదిరిస్తున్నారు. మాంట్ ఫ్లూర్‌లో కూర్చున్న రోజు మాన్యుయెల్ కూడా మంత్రి కాదు.

వచ్చే సెమిస్టర్‌లో మూడు శనివారాలు మళ్లీ కూర్చుంటున్నాం. ఈసారి సగం కుర్చీలు స్టూడెంట్లు కానివాళ్లకి: ఒక రైతు, ఒక మెడికల్ షాపాయన, ఒక టీచరు, ఏఐ అంటేనే పడని ఒక్కరైనా. ఆశా వర్కరు అమ్మగారు వస్తానన్నారు, బస్సు చార్జీలు క్లబ్బు ఇస్తుంది, ట్రెజరర్ గొణుగుతూనే ఒప్పుకున్నాడు. నాలుగో గది, సామర్థ్యం ఆగి, అది అందరిదీ అయ్యే కథ, ఇంకా ఖాళీగానే ఉంది. ప్రతి సెంటర్లో చిన్న చిన్న ఏఐలు బాగుచేసి ఇచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి "సైకిల్ షాపు" అని నేనన్నాను, మిగతావాళ్లకి నచ్చలేదు. మీ దగ్గర ఇంతకంటే మంచి పేరుంటే పట్టుకురండి.